టీచరమ్మ తిప్పి పెట్టిన చెప్పులు

ఆ పొద్దు మంచు దట్టంగా పడింది. పత్తి తడిగా ఉంటే ఏరకూడదు కాబట్టి ఎండ వచ్చేదాకా గట్టు మీద కూర్చుని, తర్వాత చేనులోకి దిగాం. నడుముకు కట్టుకున్న ఒడి సగం నిండేసరికి మంచిర్యాల నుంచి ఫోన్ వచ్చింది. మిషన్ కాంపౌండులో వంట చేసే అక్క. "తమ్మీ, టీచరమ్మ పోయింది. తెల్లారంగ చాయ్ తీస్కపోతే లేవలే" అన్నది. నా భార్య రెండు సాళ్ల అవతల ఉంది. చెప్పాను. ఆమె ఒడి విప్పి, ఏరిన పత్తిని కుప్ప మీద పోసి, ఇంటి దారి పట్టింది.

మిషన్ హాస్టల్లో చదివిన వాళ్లకు టీచరమ్మ గురించి చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం రాస్తున్నాను. ఆమె పుట్టింది కెనడాలో. మా దగ్గరికి రాకముందు చాలా ఏళ్లు జపాన్‌లో ఒక చిన్న పట్నంలో బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పింది. తర్వాత మా హాస్టలుకు వచ్చి, ఇక ఎటూ పోలేదు. మా మాట నేర్చుకుంది గానీ, అలవాట్లు మాత్రం జపాన్‌లో పట్టుకున్నవే మిగిలాయి.

పొద్దున్నే తన వాకిలి ఊడ్చి, పక్కనున్న వాచ్‌మన్ వాకిలి కూడా ఒక అడుగు మేర ఊడ్చేది. మొత్తం ఊడ్వొచ్చు కదా అంటే, "మొత్తం ఊడిస్తే నీకు ఊడ్వరాదు అన్నట్టైతది బిడ్డా. అసలే ఊడ్వకుంటే నువ్వు నాకేమైతవ్ అన్నట్టైతది" అనేది. జపాన్‌లో ఆమె వీధిలోని ముసలమ్మ ఒకామె ఈ సంగతి చీపురుతో చూపించిందట, నోటితో చెప్పలేదట. అక్కడ చాలా సంగతులు ఎవరూ చెప్పరు, చూసి పట్టుకోవాలి అనేది.

అక్కడి రైళ్లలో జనం కూర్చున్నచోటే నిద్రపోతారనీ, దిగే స్టేషన్ రాగానే ఎవరూ లేపకుండానే లేస్తారనీ ఒకసారి చెప్పింది. "మనోళ్లైతే కాగజ్‌నగర్ల దిగేటోడు బల్లార్షా దాక పోతడు టీచరమ్మా" అన్నాడు మా వాడొకడు. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వింది.

ఇంటికి వచ్చిన వాళ్లు మెట్ల కింద విడిచిన చెప్పులను కూడా ఆమె వంగి, మూతి బయటికి ఉండేలా తిప్పి పెట్టేది. పోయేటప్పుడు వాళ్లు తడుముకోకుండా కాలు పెట్టుకోవాలని. అక్కడ అది చుట్టానికి చేసే మర్యాద. హాస్టల్లో పెరిగిన మాకు అది రోజూ చూసేదే.

నాకు కూతురు పుట్టిన ఏడు ఆ మర్యాద మా మీదికి వచ్చింది. నా భార్య అప్పుడు ఆసిఫాబాద్ దగ్గర తల్లిగారింట్లో ఉంది. బిడ్డకు పేరు పెట్టిన రోజు మా బాపు పోలేకపోయాడు. పత్తి బండి జిన్నింగ్ మిల్లు ముందు వరుసలో చిక్కుకుంది. మామ దాన్ని మనసులో పెట్టుకుని తల్లీబిడ్డలను పంపనన్నాడు. నెలలు గడిచాయి. నా బిడ్డ బోర్లా పడిందని ఎవరో చెబితే విన్నాను. చివరికి టీచరమ్మ వరండాలో కూర్చుని మాట్లాడుకుందామని ఇరువైపులా ఒప్పుకున్నారు.

మామ ఇద్దరు పెద్దమనుషులతో వచ్చాడు. మాట ఒక దారికి వస్తోంది. చాయ్ తేవడానికి లేచిన టీచరమ్మ ముందు మెట్లు దిగి చెప్పులు సర్దింది. మామ చూశాడు.

"గిదేంది బావా? చాయ్ గొంతుల పడకముందే చెప్పుల మూతి బయటికి తిప్పిన్రు. మమ్మల్ని పొమ్మనుడా?"

"అయ్యో, గట్ల కాదు బావా. గది జపానోళ్ల అలవాటు" అన్నాడు బాపు.

"మన పంచాయితిల జపానోళ్లకేం పని?"

లేచాడు. తిప్పి పెట్టిన చెప్పుల్లో కాళ్లు సులువుగానే పడ్డాయి. "నా బిడ్డ మీ గడప తొక్కది. నేను గీ గేట్ల మల్ల కాలు పెట్ట" అని వెళ్లిపోయాడు. టీచరమ్మ చాయ్ పళ్లెంతో బయటికి వచ్చేసరికి ఆయన గేటు దాటాడు.

ఆ వారంలోనే ఆమె అలసంద పూర్ణం పెట్టి బియ్యప్పిండి ఉండలు చేసింది. స్టీలు డబ్బాలో సర్ది, గుడ్డలో మూటకట్టి, నన్ను వెంటబెట్టుకుని ఆసిఫాబాద్ బస్సెక్కింది. మామ మంచం మాత్రం వాల్చాడు. ఆమే మొదలుపెట్టింది.

"తమ్ముడా, జపాన్ల నేను ముందుగాల ఒకలింటికి చుట్టంపోతే, నాకే ఫస్టు తానం పెట్టిన్రు. తొట్టి నిండ వేడినీళ్లు. నేను మంచిగ తానం జేసి, బిరడా గుంజి నీళ్లన్ని ఇడిసిపెట్టిన. గా నీళ్లు ఇంటిల్లిపాదికట. బయట ఒళ్లు కడుక్కొని, ఒకలెన్క ఒకలు అండ్ల కూసుంటరట. గంత చలిల ఏడుగురు తానం లేక పండిన్రు. ఒక్కలు గూడ నన్నేమనలే."

మామ మీసం సర్దుకున్నాడు. "ఏడుగుర్ని తానం లేకుంట పండవెట్టినవా? అయితే నా చెప్పులెంత!" అన్నాడు. లోపలి నుంచి అత్త నవ్వు వినిపించింది. కానీ పంపుతానని మాత్రం ఆయన అనలేదు.

బస్టాండులో చూస్తే నా చేతిలో డబ్బా లేదు. "మర్చిపోయినం టీచరమ్మా" అన్నాను.

"ఉండనీ బిడ్డా. జపాన్ల గూడ పక్కింటి గిన్నె ఉత్తగ తిరిగియ్యరు" అన్నది. కావాలనే వదిలిందా అని నేను అడగలేదు.

ఆదివారం నా భార్య మా ఊళ్లో బస్సు దిగింది. చంకలో బిడ్డ, చేతిలో డబ్బా, దాని నిండా సకినాలు. "మా బాపు డబ్బా ఇచ్చి రమ్మన్నడు. మల్ల ఎప్పుడు తిరిగి రావాల్నో చెప్పలే" అన్నది.

మామ మాట మీద నిలబడే మనిషి. ఏటా కొత్త అలసందలు టీచరమ్మకు పంపేవాడు గానీ, కాంపౌండు గేటు మాత్రం దాటలేదు.

పోయిన వానాకాలం మా చేనులో పండిన కందిపప్పు పట్టుకుని మేమిద్దరం ఆమెను చూడటానికి వెళ్లాం. బాగా చిక్కిపోయింది. తినే ముందు చేతులు జోడించి జపాన్ మాటలో ఏదో అనుకుంది. పండించిన వాళ్లకూ వండిన వాళ్లకూ పెట్టే దండం అది. తర్వాత నా వైపు చూసి, "పండించినోడు ఎదురుంగనే కూసున్నడు" అని తన పళ్లెంలోని అప్పడం తీసి నాకు వేసింది.

ఫోన్ వచ్చిన మరునాడు మధ్యాహ్నం ఆమెను కాంపౌండులోని చర్చి వెనకున్న సమాధుల తోటలో పూడ్చాం. మామకు ఎవరు చెప్పారో తెలియదు. ఊతకర్ర పట్టుకుని గేటులోంచి నడిచి వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. తన పిడికెడు మన్ను వేసి పక్కకు జరిగాడు.

ప్రార్థన కాగానే పాస్టరు గారు వెళ్లారు. హాస్టల్ పిల్లలు బడికి వెళ్లారు. కెనడా నుంచి వీడియోలో చూస్తున్న ఆమె తమ్ముడి కొడుకు ఫోన్ పెట్టేశాడు. చేనులో పత్తి మిగిలి ఉండటంతో మేం పొద్దుండగానే బయలుదేరాం. మామ చీకటి పడేదాకా అక్కడే కూర్చుని, ఆసిఫాబాద్ చివరి బస్సుకు వెళ్లిపోయాడట.