అక్క జోలపాటలో ఈల

పుణెలో పుట్టిన మనవరాలి కోసం అక్క జోలపాట రికార్డు చేసింది. ముందుపళ్ల సందువల్ల ‘స’ వచ్చినచోటల్లా ఈల వినబడుతోందని, పంపనని మొండికేసింది. ఇద్దరం బాన్సువాడలోని స్టూడియోకు పోయాం. అక్కడతను కంప్యూటర్లో ఆ శబ్దం వరకే తగ్గించాడు. ఈల పోయింది కానీ, ఎవరో పరాయి మనిషి పాడుతున్నట్టుంది. అక్క ముఖం చిన్నబోయింది.

దుకాణాల మధ్య పెరిగినవాణ్ని, కొత్తిమీర కట్టకైనా తగ్గించమనే అడుగుతాను. ఆరోజు మాత్రం, “అన్నా, గంత తియ్యకు, జర పెంచు” అన్నాను.

“అందరు తగ్గించుమంటరు, నువ్వేంది ఉల్టా బేరం?” అని నవ్వుతూ కొంచెం పెంచాడు.

“ఇంకొంచెం.”

మళ్లీ పెంచాడు. కళ్లు మూసుకుని వింటున్న అక్క చెయ్యెత్తింది.

“ఆగన్నా. గిది నా గొంతే. ఇగ పంపురా తమ్మీ.”