పెద్దత్త గుమ్మడి రొట్టె

నేను కాపురానికి వచ్చిన ఏడాది మా ఇంట్లో నడవాలంటే గుమ్మడికాయల మధ్య అడుగు వెతుక్కోవలసి వచ్చేది. బళ్లారి దగ్గర, కురుగోడు పక్క పల్లె అది. కాలువ నీళ్లు మా పొలాలకు వచ్చి అప్పటికి రెండేళ్లో మూడేళ్లో అయింది. ఎవరూ నాటని తీగ ఒకటి పెంటదిబ్బలోంచి లేచి, కొట్టం కప్పు మీదికి పాకి, అవతలి కంచె మీదికి దిగి, దసరా నాటికి కాయల మీద కాయలు కాసింది. కొన్నిటిని ఇద్దరు పడితేగాని లేపలేకపోయారు. మంచాల కింద అవే, గాదె పక్కన అవే.

నాకవంటే ఇష్టం ఉండేది కాదు. అనంతపురం వైపు మా పుట్టింట్లో గుమ్మడికాయను ముక్కలు కొట్టి ఎద్దులకు వేసేవాళ్లం. పండగనాడు పులుసులో నాలుగు ముక్కలు పడితే, వాటిని పక్కకు నెట్టేదాన్ని.

ఆ ఇంట్లో అత్త, మామ, నా భర్త కాక ఇంకొక మనిషి ఉండేది. మామకు అక్క. ఆమెను నేను పెద్దత్త అనేదాన్ని. తొమ్మిదో ఏట అమ్మవారు పోసి ఆమెకు రెండు కళ్లూ పోయాయట. పెళ్లి కాలేదు. తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయింది. గోడ వారగా కూర్చుని పత్తి గింజలు తీస్తూ ఉండేది. పాపం, ఆమెకు చేతనయ్యేది అంతే కాబోలు అనుకున్నాను.

దసరా అయిన పది రోజులకు సండూరు నుంచి మనిషి వచ్చాడు. అక్కడ మా ఆడబిడ్డకు నొప్పులు మొదలయ్యాయని కబురు. అత్త ఉన్నపళంగా బయలుదేరింది. తోడుగా నా భర్త వెళ్లాడు. ఇంట్లో నేను, పెద్దత్త, మామ మిగిలాం.

మామ అప్పుడే విషజ్వరం నుంచి బయటపడ్డాడు. జ్వరం పోయింది గాని మనిషి మంచం దిగలేదు. ఇక ఏమైనా తినొచ్చని బళ్లారి డాక్టరు చెప్పినా, ఏం పెట్టినా రెండు మెతుకులు నోట్లో వేసుకుని కంచం జరిపేసేవాడు. నేను మెత్తగా అన్నం వండి, మిరియాల చారు కాచి తీసుకెళ్లాను.

"వద్దులేమ్మా. నోరంతా మట్టి తిన్నట్లుండాది," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మూడు పూటలు అంతే. అత్త తిరిగి వచ్చేసరికి ఈయనకు ఏమైనా అయితే ఏం జవాబు చెప్పాలి? నాలుగో పూట వంటింట్లో కూర్చుని ఏడ్చాను. చప్పుడు రాకుండానే ఏడ్చాననుకున్నాను. పెద్దత్త గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది.

"ఏడిస్తే పొయ్యి మండుతుందా పిల్లా? లెయ్. మంచం కింద కుంబళకాయిలు ఒక్కొక్కటే దొర్లించుకోనిరా."

గుమ్మడికాయలను ఒక్కొక్కటే దొర్లించుకొచ్చాను. ఆమె నేల మీద కూర్చుని ఒక్కో కాయనూ ఒళ్లోకి లాక్కుని, చెవి ఆనించి, వేలి కణుపులతో తట్టింది.

"ఇది ఇంగా పచ్చిది. నీళ్ల మాట మాట్లాడతాండాది," అని ఒకదాన్ని పక్కకు తోసింది. ఇంకోదాని తొడిమ వాసన చూసి వద్దంది. ఐదోదాన్ని తట్టి ఆగింది. నా చెయ్యి పట్టి దానిమీద పెట్టింది. "విను. తలుపు తట్టినట్లు లేదూ? ఇది అయింది."

నాకు అన్నీ ఒకేలా వినబడ్డాయి. కత్తిపీట తేబోతే ఆపింది. నిండు గుమ్మడికాయకు మొదటి వేటు మగవాళ్లే వెయ్యాలి, అది మా వైపు కూడా ఉన్న ఆచారమే. పెరట్లో ఉన్న సేద్యగాడిని పిలుస్తానన్నాను.

"ఇంటాయన ఇంట్లో ఉండంగా పరాయి చెయ్యి ఎందుకు?" అని పెద్దత్త గొంతు పెంచింది. "తమ్ముడా! లెయ్యప్పా. కాయ కొట్టాల."

"నాతో యాడవుతుందక్కా? కూర్చోనీకే చాత కాలే."

"ఒక్క ఏటు వెయ్యి చాలు. లేకుంటే ఈ పొద్దు ఇంట్లో పొయ్యి ఎలగదు."

కొంతసేపటికి మంచం కిర్రుమంది. మామ గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ వచ్చాడు. రెండు చేతులా కొడవలి ఎత్తి వేశాడు. వేటు లోతుగా పడలేదు గాని పడింది. ఆయన అక్కడే వంటింటి స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఇరవై రోజులకు పైగా మంచం దిగని మనిషి! నేను పెద్దత్త ముఖం వంక చూశాను. ఆమె ఏమీ ఎరగనట్టు కాయలో గింజలు తడుముతూ ఉంది.

"లోపల ఏం రంగుండాదే?" అని అడిగింది.

ఎర్రగా అన్నాను. కాదు, పసుపు అన్నాను.

"రెండూ ఒకటెట్లైతాయి?"

కాయలోకి వంగి చూశాను. చివరికి, "మోదుగుపువ్వు రంగు పెద్దత్తా," అన్నాను.

ఆమె చెయ్యి ఒక క్షణం ఆగింది. "ఆ, చూసిండాను. సండూరు కొండల్లో, చిన్నప్పుడు," అంది.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ముక్కలు ఉడికించి, చెక్కు తీసి, చేత్తో మెత్తగా మెదిపింది. అందులో బియ్యపు రవ్వ, కొంచెం బెల్లం, వేయించిన నువ్వులు, చిటికెడు శొంఠి. పిండి కలపడానికి ఒక్క చుక్క నీళ్లు పొయ్యలేదు. "కాయలోనే ఉండాయి కదా నీళ్లు," అంది. కాలువ కింద వరి వేయడానికి కోస్తా నుంచి వచ్చి ఊరి చివర దిగిన కుటుంబంలో ఒకామె, మూతమీద కూడా నిప్పులు పెట్టి మందపాటి రొట్టె కాలుస్తుందట. అది ఎవరో చెబుతుంటే పెద్దత్త విన్నది, అంతే. ఇనుప బాండలికి నూనె రాసి, పిండి సర్ది, మట్టి మూత పెట్టించింది. కింద తుమ్మ నిప్పులు, మూతమీద తుమ్మ నిప్పులు. అరచెయ్యి మూతకు జానెడు ఎత్తున చాచి, "ఈ పక్క తక్కువైంది, రెండు వెయ్," అంది. చూస్తే ఆ పక్క నిజంగానే నిప్పులు నివురు కప్పి ఉన్నాయి.

నేను మూత ఎత్తబోతే చెయ్యి మీద కొట్టింది. "చూస్తే కాలదు. విను."

లోపల సన్నగా చిటపటలు. కాసేపటికి అవి బుసలా మారాయి. ఆ తర్వాత ఏమీ లేదు. బెల్లం, నువ్వులు, కాలిన గుమ్మడి కలిసిన వాసన నెమ్మదిగా వంటిల్లంతా కమ్ముకుంది.

"ఇప్పుడు తియ్," అంది.

పైన గోధుమరంగు పెచ్చు. విరిస్తే లోపల మోదుగుపువ్వు, పొగలు. ఎక్కడా మాడలేదు, ఎక్కడా పచ్చి లేదు. కళ్లున్న నేను పొయ్యి ముందు ఎన్నిసార్లు రొట్టె మాడ్చానో నాకే తెలుసు. ఆమెకు దండం పెట్టాలనిపించింది, కాని పెట్టినా ఆమెకు కనబడదు కదా అని ఊరుకున్నాను.

స్తంభానికి ఆనుకున్న మామ చెయ్యి చాచాడు. ఒక ముక్క తిన్నాడు. మళ్లీ చాచాడు. మూడో ముక్కకు, "అక్కా, తీపి తెలుస్తాండాది," అని కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తిన్నాను. గుమ్మడికాయ తినడం నా బతుకులో అదే మొదలు.

ఆ వారంలో పెద్దత్త మళ్లీ రెండుసార్లు రొట్టె చేసింది. గుమ్మడి ఆకులు కందిపప్పులో వేసి వండింది, గింజలు ఎండబెట్టి దోరగా వేయించింది. మామ మొదట వాకిలి దాకా, తరువాత చేను దాకా నడిచాడు.

ఎనిమిదో రోజున అత్త, నా భర్తతో కలిసి బస్సు దిగింది. చీర కొంగంతా సండూరు గనుల ఎర్రదుమ్ము. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు అని చెబుతూనే, అరుగుమీద కూర్చుని ఉన్న మామను చూసి మాట ఆపేసింది.

"ఏం పెట్టి లేపితిరి ఈయన్ను?"

నేను నోరు తెరిచేలోపే గోడ వారనుంచి పెద్దత్త అంది: "నేనేం చేస్తా గుడ్డిదాన్ని? అంతా నీ కోడలే. మంచి చెయ్యి."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అబద్ధమని పెద్దత్త ఎదుట చెప్పడానికి ధైర్యం చాలలేదు. దీపావళి ముందు అత్తా నేనూ పిండి విసురుతున్నప్పుడు, ఉన్నదంతా చెప్పేశాను.

అత్త తిరగలి ఆపింది. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది.

"నాకు తెలీదనుకుంటివా? నేను కొత్తగా వచ్చినప్పుడు మా అత్తకూ వదిన అట్లనే, కోడలిది మంచి చెయ్యని చెప్పింది. ఆ దినం నేను వండింది ఒట్టి మాడన్నం!"