తిప్పి పంపిన నవ్వులు

మనిషిని నవ్వించకుండా ఫోటో తీయడం ఆవిడ వల్ల కాదు. అందుకే వీధంతా ఆవిడను కితకితల పిన్ని అనేది. తనకంటే పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలిచేవాళ్లు. ఆవిడ ఏనాడూ ఎవరికీ వేలితో కితకితలు పెట్టలేదు, పాపం. మీట నొక్కబోతూ ఒక్క మాట అనేది, అంతే. అదేమీ గొప్ప హాస్యం కూడా కాదు. బొజ్జ లోపలికి పీల్చుకుని కూర్చున్న పెద్దమనిషితో, "ఊపిరి వదిలెయ్యండి అన్నయ్యగారూ, నేను మొహమే తీస్తున్నాను" అనేది. ఎడంగా నిలబడ్డ కొత్త దంపతులతో, "ఇప్పుడే దగ్గరికి జరగండి, తర్వాత మీకు తీరిక దొరకదు" అనేది. వాళ్ల పెదాలు విచ్చుకునేవి. ఆ విచ్చుకున్న క్షణాన్ని ఆవిడ గప్పున పట్టేసేది.

ఈ విద్య ఆవిడకు పళ్ల డాక్టరు దగ్గర అబ్బింది. చాలా ఏళ్లు ఒక పళ్ల ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చే బల్ల దగ్గర కూర్చుంది. బుగ్గ పట్టుకుని వణికిపోతూ వచ్చినవాళ్లను నవ్వించి లోపలికి పంపేది. జీతంలో మిగుల్చుకుని ఒక పాత కెమెరా కొన్నాక, బయటికి వచ్చేవాళ్లను ఫోటో తీయడం కూడా మొదలుపెట్టింది. నొప్పి పోయిన సంతోషంతో, ఇంకా మత్తు వదలని మూతితో వంకరగా నవ్వే మొహంకన్నా ముద్దొచ్చే మొహం లోకంలో లేదని ఆవిడ నమ్మకం. డాక్టరుకు ఆ నమ్మకం లేదు. "ఇది ఆసుపత్రా, సర్కసా?" అని గద్దించాడు. "అయ్యో, సర్కసుకైతే టికెట్టు కొనుక్కుని వస్తారు కదండీ, ఇక్కడికి ఏడుస్తూ వస్తున్నారు" అంది ఈవిడ. మర్నాటినుంచి ఆ బల్ల దగ్గర వేరే అమ్మాయి కూర్చుంది.

ఉద్యోగం ఊడిన మనిషి ఏడుస్తూ ఇంటికి రావాలి. ఈవిడ ఎగిరి గంతేస్తూ వచ్చింది. "ఫోటో స్టూడియో పెడుతున్నాను!" అని గుమ్మంలోనే ప్రకటించింది.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రోజంతా రెండు అంతస్తుల మధ్య వేలాడే మనిషి కాబట్టి అభిప్రాయాలు కూడా అక్కడే ఉండేవి. "బాగానే ఉంది, కానీ ఎలా, అలాగని వద్దనీ అనను" అన్నాడు. అసలు తీర్పు చెప్పాల్సింది అత్తగారు. ఇల్లు ఆవిడది, వీధి వైపు తలుపున్న ముందుగదీ ఆవిడదే. అందులో తాళాలు బాగుచేసుకునే ఆయన ఖాళీ చేసి వెళ్లినప్పటినుంచీ, జిరాక్సు మిషను పెట్టుకుంటానని ఒకాయన రోజూ వచ్చి నమస్కారం పెట్టి వెళ్తున్నాడు.

అత్తగారు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. పరీక్షల గదిలో ఆవిడ నడుస్తుంటే ఫ్యాను కూడా చప్పుడు చేయడానికి జంకేదని చెప్పుకునేవారు. వీధిలో మీసాలు మెలేసే మగవాళ్లలో సగంమంది ఒకప్పుడు ఆవిడ ముందు గుంజీలు తీసినవాళ్లే. ఆవిడ కోడలిని పైనుంచి కిందికి చూసింది.

"వేసవి దాటేదాకా గది నీది. వానలు పడేసరికి అది నిన్ను పోషిస్తే సరే. లేదంటే జిరాక్సు ఆయనకిచ్చేస్తాను. అప్పుడు ఏడుపులూ పెడబొబ్బలూ వద్దు" అంది.

"అలాగే అత్తయ్యా" అంది కోడలు. ఆ కెమెరా తప్ప తనకు చేతనైన పని మరొకటి లేదని ఆవిడకు తెలుసు. ఈ గది పోతే ఇక మరో గది రాదనీ తెలుసు. అయినా మరుక్షణమే కొంగు బిగించి, తాళాలాయన వదిలిన ఇనుపరజను ఊడవడం మొదలుపెట్టింది. ఇస్త్రీ చేసిన తెల్లదుప్పటి ఒక గోడకు కట్టింది. భర్త ఎక్కడినుంచో గుండ్రంగా తిరిగే స్టూలు తెచ్చాడు. కూర్చున్నవాళ్లు తమంతట తామే మెల్లగా గోడవైపు తిరిగిపోయేవాళ్లు.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, వీధికి అవతలివైపు పాస్‌పోర్టు ఆఫీసు. ఫోటో మరిచిపోయి వచ్చినవాళ్లూ, తెచ్చిన ఫోటో పనికిరానివాళ్లూ పొలోమని రోడ్డు దాటి వచ్చేవాళ్లు. గల్లాపెట్టె గలగలలాడింది. పిన్ని కాలు నేలమీద నిలవలేదు.

వెళ్లినవాళ్లు వెళ్లినట్టే తిరిగి రావడం మొదలైంది. ఆఫీసు కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా ఫోటోలన్నీ తిప్పి పంపేస్తున్నాడు. "ఇందులో నవ్వకూడదండీ. ఏం, పెళ్లిచూపులకు పంపుతున్నారా?" అంటున్నాడట.

నియమం పిన్నికి తెలియక కాదు. నోరు మూసి ఉండాలి, మొహం మామూలుగా ఉండాలి, బోర్డు మీద రాసే ఉంది. కానీ ఇన్నేళ్ల అలవాటు నాలుక మీద కూర్చుంది. మాట అనకుండా ఉండాలని పెదవి కొరుక్కుంది. ఆ కొరుక్కున్న పెదవి చూసి నవ్వారు. "దయచేసి నవ్వకండి" అని బతిమాలింది. బడిపిల్లలకు చెప్పినట్టే అయింది, ఇంకా నవ్వారు. కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని నిలబడింది. లోపల తనకే నవ్వొచ్చి గుడ్డ ఊగింది, స్టూలు మీదాయన కిందపడబోయాడు. నోరు మూసుకున్నవాళ్లకు కూడా బుగ్గలు బూరెల్లా పొంగి, కళ్లనిండా నీళ్లు నిండి, మొహం మీద నవ్వు దాక్కున్న చోటు తెలిసిపోయేది. వాళ్లందరికీ ఊరికే మళ్లీ తీసి ఇచ్చింది. అవీ తిరిగొచ్చాయి.

అత్తగారు లోపలి గుమ్మంలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూ ఉండేది. "నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా పెద్దలు?" అంది.

"అయితే ఏడిపించి తీయమంటారా అత్తయ్యా?"

"నువ్వు తీసినా తీయకపోయినా చివరికి ఏడ్చేది నువ్వే."

ఎదురుగదిలో తీయించుకుంటే పని కాదని ఆఫీసు వరసలో చెప్పుకోసాగారు. జనం పల్చబడ్డారు, ఆపైన రావడమే మానేశారు. పిన్ని ఒంటరిగా కూర్చుని ఖాళీ స్టూలుకు ఫోటోలు తీసింది. ఒకరోజు మధ్యాహ్నం పడమటి ఆకాశంలో మబ్బు కనిపిస్తే వీధిలో అందరూ అబ్బా అని సంతోషించారు. ఆవిడ మాత్రం వానలకు ఇంకెన్నాళ్లుందో వేళ్లమీద లెక్కపెట్టుకుంది.

ఆ రోజుల్లోనే కలప అడితీ యజమాని చిందులు తొక్కుతూ వచ్చాడు. గుబురు మీసాల మనిషి. ఆయన వెనకాలే భార్య. ఇద్దరూ విహారయాత్రకు బయల్దేరుతున్నారు. ఆయన ఫోటో తిరిగొచ్చింది.

"నన్ను ఆఫీసులో అందరి ముందూ నవ్వులపాలు చేశావు!" అని ఫోటోను బల్లమీద కొట్టాడు.

భార్య ఆ ఫోటో తీసుకుంది. వెలుతురులోకి తీసుకెళ్లి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నాకు కావాలి" అంది.

"దేనికే? అది ఆఫీసు వద్దన్న ఫోటో!"

"ఆఫీసు వద్దంటే వద్దననీండి, కాపురం చేసేది నేను. ఇన్నేళ్లలో ఈ మొహం నాకెప్పుడైనా చూపించారా? కలప కొలిచే మొహమేగా నాకు చూపించింది!" అని పిన్ని వైపు తిరిగింది. "అమ్మాయ్, దీన్ని పెద్దది చేసి ఇవ్వు. మా గోడకు పట్టేంత. మావారిలో ఈయన కూడా ఉన్నాడని నేను రోజూ చూసుకోవాలి."

మీసాలాయన మీసం సవరించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పిన్నికి ఆవిడను వాటేసుకోవాలనిపించింది, వాటేసుకుంది కూడా.

"అది సరే, నా పాస్‌పోర్టు సంగతేమిటి?" అన్నాడాయన నీరసంగా.

పిన్ని మళ్లీ కెమెరా ఎత్తింది. ఆయన ఆవిడను చూడగానే ఫక్కున నవ్వాడు. మళ్లీ సర్దుకున్నాడు. మళ్లీ నవ్వాడు. గుమ్మంలో కుర్చీ కిర్రుమంది. అత్తగారు లేచి వచ్చి, కోడలిని భుజంతో పక్కకు నెట్టి కెమెరా అందుకుని నిలబడింది.

"ఏది నొక్కాలి?"

"అదిగో, అది నొక్కితే చాలు అత్తయ్యా."

అత్తగారు కళ్లజోడు సవరించుకుని స్టూలు వైపు చూసింది. "ఒరేయ్. నిటారుగా."

అంతే. మీసాలాయన వీపు కర్రలా నిలబడింది, చేతులు మోకాళ్ల మీదకు వచ్చాయి. మొహంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. ఎక్కం అప్పజెప్పమంటారేమోనన్న భయం ఒక్కటే లోపలెక్కడో ఉంది, అది ఫోటోలో పడదు. టక్కుమంది. ఆ ఫోటో చూసి కిటికీ గుమాస్తా కూడా తన కుర్చీలో సర్దుకుని కూర్చుని, మారుమాట లేకుండా ముద్ర కొట్టాడట.

అత్త లేని కోడలుత్తమురాలు అంటారు గానీ, ఆ సామెత కట్టినవాడికి ఫోటోల వ్యాపారం తెలియదు. వారం తిరక్కుండా గది రెండుగా చీలింది. మధ్యలో తెర కట్టారు. వీధి తలుపు మీద పిన్ని తన చేత్తో బోర్డు రాసింది: "ఆఫీసు ఒప్పుకునే ఫోటోలు కుడివైపు. ఆఫీసు ఒప్పుకోని ఫోటోలు ఎడమవైపు." తిరిగొచ్చిన ఫోటోలన్నీ, మనుషులను అడిగి మరీ, వీధివైపు అద్దాల పెట్టెలో వరసగా పెట్టింది. దారినపోయేవాళ్లు ఆగేవాళ్లు, తెలిసిన మొహం చూసి "మన కరెంటాయనకు సొట్టబుగ్గలున్నాయా!" అని ముక్కున వేలేసుకునేవాళ్లు. కలప బేరానికి అడితీ యజమాని ఇంటికి వచ్చినవాళ్లు గోడమీద ఆయన నిలువెత్తు నవ్వును చూసి, బేరం మరిచిపోయి, ఇది ఎక్కడ తీయించారని అడిగేవాళ్లు.

పాస్‌పోర్టుకు వచ్చినవాళ్లు కుడివైపు బిగుసుకుపోయి, అదురు తీరడానికి ఎడమవైపు దూరేవాళ్లు. అటు నుంచి కుటుంబాలను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చేవాళ్లు. ఒకసారి కిటికీ గుమాస్తా కూడా మొహం దాచుకుంటూ వచ్చి, ఎడమవైపు వెళ్లి, భార్యతో కలిసి కడుపు పట్టుకునేలా నవ్వి, "ఇది మా ఆఫీసులో ఎవరికీ చూపించకండి" అని బతిమాలాడు. గల్లాపెట్టె మూత పడటం మానేసింది. రెండో కెమెరా, కొత్త లైట్లు వచ్చాయి. భర్త స్టూలు తిరగకుండా బోల్టు బిగించి, మొదటిసారి ఒక అంతస్తులో స్థిరంగా నిలబడి, "నేను ముందే చెప్పాను" అన్నాడు.

అత్తగారి డాబు చెప్పనక్కర్లేదు. అన్నం తింటూ కూడా గడ్డాల గురించి మాట్లాడేది. "ఆ మందులషాపు వాడి గడ్డం దించడానికి నా తాతలు దిగొచ్చారే."

ఒకరోజు పొద్దున్నే వాన మొదలైంది. చినుకులతోపాటే గొడుగేసుకుని జిరాక్సు ఆయన వచ్చాడు. ఎడమవైపు దీపం సర్దుతున్న పిన్ని చేతులు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ ఆ ఒప్పందం ఊసు ఎవరూ ఎత్తలేదు. గల్లాపెట్టెలో సగం అత్తగారు తీసిన ఫోటోలదే, ఆవిడ లెక్కలో దాన్ని కోడల్ని పోషించడమంటారో లేదో. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం అత్తగారి ఒంట్లో లేదు. పిన్ని తెర అంచు పట్టుకుని ఇవతలికి తొంగిచూసింది.

"అమ్మగారూ, వానలొచ్చేశాయి" అన్నాడు జిరాక్సు ఆయన. "గది మాట..."

అత్తగారు స్టూలు మీదున్న అమ్మాయి మీదనుంచి చూపు తిప్పలేదు. "అటు జరుగు నాయనా. లైటుకు అడ్డం."

జరిగాడు. "మిషను కూడా మాట్లాడుకున్నానండీ."

"ఇంకాస్త. నీ నీడ పడుతోంది."

ఇంకాస్త జరిగాడు, గడప దాటి వానలో పడ్డాడు. అక్కడినుంచే, "మీరు మాటిచ్చారు కదమ్మా!" అన్నాడు దీనంగా.

"ఇచ్చాను. గది మా కోడల్ని పోషించకపోతే నీకిస్తానన్నాను." టక్కుమంది. "దాని సంగతి దేవుడెరుగు. రిటైరయ్యాక నేను చెబితే ఒక్కడు నిటారుగా కూర్చున్నాడా? ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటున్నారు. ఈ గది నీకిచ్చేసి నేనెక్కడికి పోను నాయనా?"

పిన్ని చేతిలోని తెరను మొహానికి అదుముకుంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో గానీ గుడ్డంతా తడిసింది. కాళ్లు మాత్రం ఆనందం పట్టలేక నేలమీద తకధిమి తొక్కాయి. ఇంతలో వానకు తడిసి ముద్దైన ఒక కుటుంబం, తలలు విదిలించుకుంటూ, ఒకళ్లనొకళ్లు చూసి పకపకా నవ్వుకుంటూ లోపలికి వచ్చింది.

"ఏమేవ్!" అని అత్తగారు తెర అవతలినుంచి కేకేసింది. "నీ నవ్వేవాళ్లొచ్చారు. వీళ్లతో నా వల్ల కాదు, తొందరగా రా!"