ఏడుగురి పసుపు, ఒకే నమూనా

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఫిబ్రవరి నెల. పటాన్‌చెరులో ఒక ప్రైవేటు ల్యాబ్‌కు నేను క్వాలిటీ మేనేజర్ని. ఎగుమతికి పోయే పసుపు, మిర్చి, బియ్యంలో పురుగుమందుల అవశేషాలు ఎంత ఉన్నాయో తేల్చడం మా పని. నా సంతకం లేనిదే రిపోర్టు గేటు దాటదు. ఆ సంగతి నాకు కొంచెం ఎక్కువే గుర్తుండేది.

ఆ నెల జిన్నారం వైపు నుంచి ఏడుగురు రైతుల పసుపు వచ్చింది. ఎగుమతిదారు దాన్ని ఒకే లాట్‌గా కొంటున్నాడు. అలాంటప్పుడు ఒక్కొక్కరి బస్తాల్లోంచి కొమ్ములు తీసి, సమానంగా కలిపి, పొడి చేసి, ఒకే నమూనాగా పరీక్షిస్తాం. విడి నమూనాలు లక్కముద్ర వేసి ఆరు నెలలు బీరువాలో దాస్తాం. కొనే దేశం ఆ ఏడాదే హద్దు బిగించింది. మా అంకె దాన్ని దాటింది. ఫెయిల్.

మా అనలిస్టు ఖలీల్, ఏడూ విడివిడిగా చూద్దామన్నాడు. కూరలో ఒక్కరు ఉప్పు ఎక్కువేసినా కూరంతా ఉప్పే అవుతుందని నాకు తెలియక కాదు. కానీ ఆ వారమంతా మెషీన్ ఔషధాల కంపెనీల నమూనాలకు కేటాయించాం. వద్దన్నాను.

మర్నాడు ఆ ఏడుగురిలో ఒకరైన యాదమ్మ ఆటోలో వచ్చింది. మూడెకరాల పసుపు ఒంటిచేత్తో తీసిన మనిషి.

"సారూ, నేను మందు కొట్టనే కొట్టలే. నాది సపరేటు జూసి చెప్పుండ్రి, జెర జల్దీ. రేటు దినాం పడుతున్నది. గీ పంట గిట్ల పోతే ఇగ భూమి గా అడుగుతున్న కంపెనీకి ఇచ్చుడే."

నమూనా పంపిన పార్టీ, అంటే ఎగుమతిదారు, రాసిస్తే తప్ప మళ్లీ పరీక్ష చేయమన్నాను.

"పసుపు నాదైతే పార్టీ ఆయనెట్లయితడు?"

నాకు కోపం వచ్చింది. వాచ్‌మన్‌ను పిలిచి పంపించేశాను.

ఎగుమతిదారు అప్పటికే వేరే రాష్ట్రం సరుకు చూసుకున్నాడు. మార్చిలో అన్ని మార్కెట్లకూ కొత్త పసుపు పోటెత్తింది. ఫెయిలైన సరుకన్న మాట రిపోర్టు కంటే ముందే వ్యాపారులకు చేరింది. వాళ్లు చెప్పిన రేటుకే ఏడుగురూ ఇచ్చేశారు.

ఆగస్టులో, గడువు తీరిన నమూనాలు కాల్చే ముందు, మెషీన్ ఖాళీగా ఉంటే నేనే ఖలీల్‌తో ముద్రలు విప్పించాను. నిల్వలో అవశేషం కొంత తగ్గుతుంది. అయినా ఒకదాంట్లో ఇంకా హద్దుకు ఎన్నో రెట్లుంది. అది ఎవరిదో ఇక్కడ అనవసరం. తక్కిన ఆరింట్లో జాడే లేదు. యాదమ్మది ఆ ఆరింట్లో ఒకటి.

రిపోర్టు పట్టుకుని వాళ్ల ఊరు వెళ్లాను. ఆమె చేను చుట్టూ కంపెనీ ప్రహరీ లేచింది. ఆమె ఆ గేటు లోపలే ఊడుస్తోంది. కాగితం చేతికిస్తే, అందులో ఏముందో చదివి చెప్పమంది. చెప్పాను.

"నా పసుపు మంచిదని నాకెరికనే సారూ," అని తిరిగి ఇచ్చేసింది.

సిగ్గుతో తిరిగొచ్చాను. మొదటి రిపోర్టులో అంకె తప్పు కాదు. ఆ అంకె దగ్గర ఆగిపోవడం నా తప్పు. నమూనాలు కలిపేది పని తగ్గించుకోవడానికి; ఫెయిలైతే విప్పి చూడడం కూడా ఆ పనిలో భాగమే. ఇది నాకు తెలిసేసరికి ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు అయింది. అంతకుముందు ఫెయిలని నేను సంతకం పెట్టిన ఉమ్మడి లాట్ల విడి నమూనాలన్నీ నిబంధన ప్రకారం కాల్చేశాం.