వదిన నమ్మని మీటరు

మా పెద్దాడపడుచు, నేను వదినా అని పిలిచే మనిషి, మొన్న సోమవారం పోయింది. నందిగామలో పిల్లల ఆసుపత్రి నర్సు. డ్యూటీలోనే కుప్పకూలితే విజయవాడ తీసుకెళ్లాం. డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపారు. నేను ఆయన చేయి పట్టుకుని, "ఆ గుండె మిషను కరెక్టుగా ఉందో లేదో ఒక్కసారి చూడండి సార్" అని బతిమాలాను. పాపం, ఆయన కాదనలేదు. వేరే మిషను తెప్పించి పెట్టారు. అందులోనూ గీత కదల్లేదు.

అలా అడగడం వదిన దగ్గరే నేర్చుకున్నాను.

ఎనిమిదేళ్ల కిందట, జగ్గయ్యపేటలో మా బాబు పుట్టిన నాలుగో రోజు. పాలు మానేసి మగతగా పడి ఉన్నాడు. ఒళ్లంతా పచ్చబడింది. "పసిపిల్లలకి మామూలే, పొద్దుటెండ చూపించు" అంది అత్తగారు. నాకు మనసొప్పక కారులో నందిగామ బయల్దేరాను. చిల్లకల్లు దాటేసరికి వాడు ఏడవడం కూడా మానేశాడు.

ఆసుపత్రిలో ఒక మీటరు ఉండేది. నుదుటికి ఆనిస్తే చర్మంలో పసుపు ఎంతుందో అంకెలో చెబుతుంది. బిడ్డకి పెట్టే ముందు వదిన దాన్ని స్టాండు మీది రంగుబిళ్లకి ఆనించేది. బిళ్ల మీద రాసిన అంకె వస్తేనే వాడేది. ఆ రోజూ ముందు బిళ్ల దగ్గరికే వెళ్లింది.

"అయ్యో వదినా, ముందు వీడికి పెట్టండి!" అని అరిచాను.

"ఉండమ్మాయ్. ఇదే తప్పు చెప్తుంటే వీడికి పెట్టి ఏం లాభం?"

బిళ్ల మీద రాసినదాని కన్నా అంకె తక్కువ వచ్చింది. మీటరు కొనని గుడ్డతో తుడిచి మళ్లీ ఆనించింది. మళ్లీ తక్కువే. "డాక్టర్‌గారూ, దీన్ని నమ్మలేం. రక్తం తీద్దామండి" అంది. ఆయన వెంటనే సరేనన్నారు.

కామెర్లు మెదడుకెక్కే దాకా వచ్చాయని రక్తపరీక్షలో తేలింది. తర్వాత అదే మీటరు వాడి నుదుటికి పెట్టి చూశారు. భయం లేదు, ఇంటికి తీసుకెళ్లొచ్చు అనే అంకె చూపించింది.

కళ్లకు గంతలు కట్టి వాణ్ని కామెర్లు తగ్గించే నీలం లైటు కింద పడుకోబెట్టారు. అద్దం ఇవతల నిలబడి "బతుకుతాడా వదినా?" అని అడిగీ అడిగీ నా గొంతు పోయింది. నా ధైర్యం కోసమైనా ఒక అబద్ధం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. "తెలీనిది చెప్పను. ఇక్కడే ఉన్నా, చూస్తూనే ఉన్నా" అంది. డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు.

వాడిప్పుడు మూడో తరగతి. అత్త పోయిందంటే, "ఇంకోసారి కనుక్కో అమ్మా" అంటున్నాడు.

నిన్న వదిన ఇంటి ముందు టెంటు కింద కూర్చుని ఉన్నాం. వీరులపాడు నుంచి ఒకామె పసిబిడ్డతో ఆటో దిగింది. "నర్సమ్మగారున్నారాండి? పాపకి కామెర్లు తగ్గాక తెచ్చి చూపించమన్నారు" అంది. ఆమె పాప మొహం మీది టవలు పక్కకు తీసి, మొహం గుమ్మం వైపు తిప్పి పట్టుకుని నిలబడింది.