ఢిల్లీ పిల్ల గొంతు

చిలకలూరిపేట మీదుగా పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఇప్పటికీ అద్దం తీసే కూర్చుంటాను. జిన్నింగు మిల్లుల దగ్గరికి రాగానే గాలి మారిపోతుంది. ఎండకు ఆరిన పత్తి, నలిగిన గింజల నూనె, గోనెపట్టాల దుమ్ము అన్నీ కలిసిన ఒక వెచ్చటి వాసన బస్సంతా నిండుతుంది. పక్కవాళ్ళు ముక్కులకు చెంగులు అడ్డం పెట్టుకుని, "అద్దం వెయ్యమ్మా" అని విసుక్కుంటారు. వేస్తాను గానీ, ఒక్క గుక్క పీల్చుకుని మరీ వేస్తాను. ఆ దుమ్ములోనే పుట్టి పెరిగినదాన్ని నేను.

మేము దూదేకులవాళ్ళం. నరసరావుపేటలో బజారు వెనకవీధిలో రెండు గదుల ఇల్లు, దాని ముందు రేకుల కొట్టం, కొట్టంలో దూది ఏకే మిషను. చలికాలం ముందూ, పెళ్ళిళ్ళ రోజుల్లోనూ జనం పాత పరుపులు రిక్షాలో వేసుకొచ్చి మా వాకిట్లో దించేవాళ్ళు. నాయన వాటి కుట్లు విప్పి, ఏళ్ళ తరబడి మనుషుల బరువు మోసి గట్టిపడిపోయిన దూదిని చేత్తో తుంచి మిషను నోట్లో పెడితే, అది రెండోవైపు నుంచి అప్పుడే పితికిన పాల నురగలా పొంగి వచ్చేది. ఆ పొంగిన దూదిని చేతులతో ఎత్తి మూలకి చేర్చటం నా పని. నాయన కళ్ళు తప్ప మొహమంతా తువ్వాలుతో చుట్టుకునేవాడు. సాయంత్రానికి ఇద్దరి కనుబొమలూ, రెప్పలూ, తలలూ తెల్లబడి, అద్దంలో చూసుకుంటే నాకు నేనే ముసలమ్మలా కనపడేదాన్ని.

నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకుంటూ మా కొట్టం దాకా వచ్చి, తుమ్ములొస్తాయని అక్కణ్ణుంచే వెనక్కి తిరిగేవాళ్ళు. పీర్ల పండక్కి మాత్రం అందరూ వచ్చేవాళ్ళు, అమ్మ చేసే మలీదా కోసం. గోధుమ రొట్టెల్ని వేడిగా ఉండగానే బెల్లంతో కలిపి నలిపి, నెయ్యి వేసి ముద్దలు చేస్తే, హిందువుల పిల్లలూ మా పిల్లలూ అరచేతులు చాపి వరసగా నిలబడేవాళ్ళు. ముద్ద చేతిలో పడగానే వీధి ఖాళీ. మళ్ళీ రంజాను సేమ్యా రోజే మా గడప తొక్కేది.

మాఘం దాటి ఎండలు మొదలయ్యాయంటే అమ్మ మిరపకోతలకి పోయేది. తెల్లారకుండానే ట్రాక్టరు ఎక్కి, పొద్దుగూకాక దిగేది. ఆ నెలల్లో ఆమె చేతులు నన్ను తాకేవి కావు. ఎన్నిసార్లు కడిగినా వేళ్ళలో మంట పోదు, పొరపాటున నా కంటికి తగిలితే అంతే. అందుకని నా మొహం మీద పడిన జుట్టుని మోచేత్తో పక్కకి తోసేది. అమ్మ అంటే నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ గరుకు మోచెయ్యి.

మిషను తిరుగుతుంటే మాటలుండవు. నాయనా నేనూ సైగలతోనే గంటలు గడిపేవాళ్ళం. అంత చప్పుడులో నేను పాడుకునేదాన్ని. రేడియోలో విన్నవి, బళ్ళో ప్రార్థన పాటలు, పీర్ల దగ్గర విన్న బాణీలు, అవన్నీ అయిపోయాక మాటల్లేని రాగాలు. ఎంత గట్టిగా పాడినా ఎవరికీ వినపడదు, పక్కనే ఉన్న నాయనకి కూడా. నా గొంతు నా ఎముకల్లో మోగేది, నాకొక్కదానికే. మామూలుగా ఇంట్లో కూనిరాగం తీస్తే మాత్రం అమ్మ ఊరుకునేది కాదు. "ఏందే ఆ మూలుగుడు? పని చెయ్యి" అనేది. అందుకని ఇంట్లో నోరు మూసుకుని, మిషను దగ్గర నోరంతా తెరిచేదాన్ని.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఎండాకాలం మధ్యాహ్నం, సుశీల టీచర్ పరుపు దూది ఏకించుకోవటానికి మా కొట్టానికి వచ్చారు. మా బడిలోనే సాంఘికశాస్త్రం చెప్పే ఆవిడ, కానీ నా పేరు కూడా ఆవిడకి తెలుసో లేదో. నేను దూదిలో మోకాళ్ళ దాకా కూరుకుపోయి, వాకిలికి వీపు పెట్టి పాడుకుంటున్నాను. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మిషను ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. నేను రాగం మధ్యలో ఉన్నాను, ఆపుకోలేకపోయాను. రేకుల కొట్టం నిండా నా గొంతు ఒక్కటే, నేనెప్పుడూ బయటనుంచి వినని నా గొంతు. భయపడి ఆపేసి వెనక్కి తిరిగితే టీచర్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. నాయన మొహం మీద తువ్వాలు విప్పుకుని నన్నే చూస్తున్నాడు.

"మీ అమ్మాయా?" అన్నారు టీచర్.

"అవునమ్మా, సైదా" అన్నాడు నాయన, ఏదో తప్పు జరిగిందన్నట్టు.

పిల్లల పాటల పోటీలు జరుగుతున్నాయని, అందులో నెగ్గినవాళ్ళని మన దేశం తరఫున బయటి దేశానికి పంపుతారని టీచర్ చెప్పారు. అమ్మ మిరపతోట నుంచి వచ్చాక మళ్ళీ వచ్చి చెప్పారు. అమ్మ వినీ విననట్టు కాళ్ళు కడుక్కుంటూ, "పాడితే ఏమొస్తదమ్మా? ఆడపిల్ల ఊళ్ళు పట్టుకు తిరిగితే మంది ఏమనుకుంటారు?" అంది. "నా వెంటే ఉంటది, నేనే తీసుకుపోయి నేనే తీసుకొస్తా" అన్నారు టీచర్. పొద్దున్నే చూస్తే నా బళ్ళోకి వేసుకునే గౌనుని నాయన ఉతికి, ఇస్త్రీ చేయించి, మేకుకి తగిలించి ఉంచాడు.

గుంటూరులో పాడాను, హైదరాబాదులో పాడాను. రెండుచోట్లా నన్ను ఎంచారు. రెండుచోట్లకీ అమ్మా నాయనా రాలేకపోయారు, పని రోజులు. చివరికి ఢిల్లీలో శిక్షణ శిబిరానికి రమ్మన్నారు. టీచర్ నన్ను అక్కడ దించి, ఒక గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టి, రైలు వేళయిందని వెళ్ళిపోయారు. గేటు దాకా ఆవిడ వెనకే పోయి, ఆవిడ ఆటో ఎక్కేదాకా చూసి, తిరిగొచ్చేసరికి నాకు తెలుగు మాట్లాడే మనిషి లేకుండా పోయింది.

హాజరు పిలిచే అతను "సైదాబీ" అని చదివి, తలెత్తి గబగబా ఏదో అడిగాడు. నేను బిక్కమొహం వేశాను. ముస్లిం పిల్లకి హిందీ, ఉర్దూ రాకపోవటమేమిటని వాళ్ళకి ఆశ్చర్యం. మా ఇంట్లో తాతల నాటి నుంచి తెలుగే అని చెప్పటానికి కూడా నాకు భాష లేదు. అందరూ నవ్వారు. చెడ్డగా నవ్వలేదు, పిల్లలు నవ్వినట్టే నవ్వారు. కానీ ఆ తర్వాత నాతో మాట్లాడాలంటే చేతులు ఊపేవాళ్ళు, మిషను దగ్గర నాయనలాగా. ఆ చేతులు చూసినప్పుడల్లా నాకు ఇల్లు గుర్తొచ్చి, బావురుమనబుద్ధయ్యేది.

పాట హిందీలో ఉంది. ఒక పిట్ట దేశాలన్నీ దాటి ఎగురుతూ, కింద ఉన్న పిల్లల్ని పలకరించే పాట. నేర్పే మేడమ్ మా అందరి చేతా విడివిడిగా పాడించి, ముందు నిలబడి పాడే చోటు రిచా అనే ఢిల్లీ అమ్మాయికి ఇచ్చారు. తెల్లటి పిల్ల, పలుకు ముత్యంలా ఉండేది. నా నోట్లో హిందీ మాటలు మొరటుగా పలుకుతున్నాయని నాకే తెలుస్తోంది. కానీ పాట మధ్యలో పిట్ట సముద్రం దాటే చోట మాటలుండవు, ఒక్క రాగం మాత్రం పైకి పైకి పోవాలి. మేడమ్ ఆ రాగం నాకిచ్చారు. మాటల్లేని చోట నా పలుకుతో ఎవరికీ ఇబ్బంది లేదు.

రిచా మంచిపిల్ల. అన్నం దగ్గర నా పక్కనే కూర్చునేది. గోంగూర పచ్చడి నాకి చూసి, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా మళ్ళీ వేయించుకుంది. సామాను సర్దుకోవటం కూడా ఆ పిల్లే నాకు సైగలతో నేర్పింది.

పోటీ బల్గేరియాలో, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో. విమానం, మంచు కరిగిన వీధులు, రంగురంగుల దుస్తుల్లో ఏవేవో దేశాల పిల్లలు, ఇవన్నీ చూశాను. చూసినదేదీ "అదుగో చూడు" అని ఎవరికీ చూపించుకోలేకపోయాను. అక్కడి తిండిలో నాకు రుచి తెలిసింది ఒక్క పెరుగే. మా అమ్మ మట్టి ముంతలో తోడుపెట్టిన పెరుగులాగే గట్టిగా, పుల్లగా ఉంది. బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని, రొట్టెముక్క అందులో ముంచుకుని తింటూ ఏడ్చాను.

పాడే రోజున రిచా ముందు, మిగతావాళ్ళు రెండు వరసల్లో, నేను వెనక వరస చివర. నా ఎదుట ఒక మైకు. నేను రాగం తీసేటప్పుడు ముందున్న రిచా తలెత్తి ఆకాశంలోకి చూస్తున్నట్టు పెదవులు కొంచెం తెరవాలని, చూడ్డానికి బాగుంటుందని మేడమ్ చెప్పారు. మా వంతు వచ్చింది. పెద్ద హాలు, చీకట్లో జనం, చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. నేను మొదటిసారి అంత నిశ్శబ్దంలో నోరంతా తెరిచాను. గొంతు ఎక్కడా తడబడలేదు, పైకి పోయింది, అక్కడ ఇంకొంచెం చోటుంటే అక్కడికీ పోయింది. అయిపోయాక చప్పట్లు చాలాసేపు మోగాయి. బహుమతులు వేరే దేశాలకి వచ్చాయి. మనకి పాల్గొన్నందుకు ఇచ్చే కాగితం వచ్చింది.

ఇంటికొచ్చేసరికి వీధంతా విమానం గురించే అడిగారు. లోపల ఏం పెట్టారే, భయమేసిందా, మేఘాలు కిందుంటాయంటగా. పాట గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. టీవీలో వేస్తారట, అప్పుడు చూస్తారులే అనుకున్నాను. ఈలోగా సుశీల టీచర్‌కి మాచర్ల వైపు బదిలీ అయింది. ఆవిడ ఆ కార్యక్రమం చూశారో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వేశారు. మాకు టీవీ లేదు. పక్కింటి మస్తానమ్మత్త వాళ్ళింట్లో చాపలు పరిచి వీధి వీధంతా కూర్చుంది. నాయన నూజెండ్లలో ఒక పెళ్ళివాళ్ళకి పరుపులు కుట్టటానికి పోయాడు. అమ్మ మాత్రం కూలి మానుకుని, ఉతికిన చీర కట్టుకుని, టీవీకి అందరికన్నా దగ్గరగా కూర్చుంది. నేను ఆమె పక్కన. మన దేశం పేరు రాగానే పిల్లలు ఈలలేశారు. తెర మీద రిచా వచ్చింది. అమ్మ మెడ చాచి అటూ ఇటూ వెతికింది. "ఏదే నువ్వు? ఏదే?" అని గుసగుసగా అడిగింది. వెనక వరస చీకటిగా ఉంది.

అంతలో ఆ రాగం వచ్చింది. తెరనిండా రిచా మొహం, పైకెత్తిన కళ్ళు, కొంచెం తెరిచిన పెదవులు. ఈలలేసే పిల్లలు కూడా ఆగిపోయారు. నేను తెర చూడటం మాని అమ్మని చూశాను. అమ్మ వెతకటం మానేసింది. రెండు చేతులూ ఒళ్ళో వదిలేసి, ఊపిరి కూడా తీసుకోనట్టు వింటోంది. కళ్ళ నిండా నీళ్ళు. చేత్తో తుడుచుకోబోయి, మిరపమంట గుర్తొచ్చి, భుజానికి అద్దుకుంది.

పాట అయిపోయింది. "అబ్బ! ఏం గొంతే ఆ పిల్లది!" అంది మస్తానమ్మత్త.

"కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంది వదినా" అంది అమ్మ.

"అమ్మా, అది నేను. ఆ రాగం నాది" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ మొహంలో కోపం లేదు. జాలి ఉంది. తెర మీద కనపడలేదని పిల్ల చిన్నబోయింది అనుకుంది. మోచేత్తో నా జుట్టు పక్కకి తోసి, "పోనీలేయే. నువ్వూ పాడావుగా వెనకాల. ఒకళ్ళది మనదని చెప్పుకోకూడదు" అంది మెల్లగా.

ఆ మాట నేను మళ్ళీ ఎత్తలేదు. రాత్రికి నాయన వచ్చి, "కనపడ్డావా అమ్మాయ్?" అన్నాడు. "లేదు నాయనా" అన్నాను. "ఈసారి కనపడతావులే" అని తువ్వాలు దులుపుకుని అన్నానికి కూర్చున్నాడు. ఈసారంటూ ఏదీ రాలేదు. చదువు, ఉద్యోగం, సత్తెనపల్లి దగ్గర బళ్ళో టీచర్ పని. పోయినేడు నా గొంతుకి ఆపరేషన్ అయింది. పాఠం చెప్పటానికి సరిపడా మాట మిగిలింది.

ఇప్పుడు నాయన లేడు. కొట్టం ఉన్నచోట సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుంది. మిషను పాత ఇనుము కింద పోయింది. ఊళ్ళో దూది ఏకించేవాళ్ళూ లేరు, ఏకేవాళ్ళూ లేరు, పరుపులు పెట్టెల్లో చుట్టుకుని వస్తున్నాయి. మా పాత వీధిలో ఏ ఇంటి టీవీ ఆ ఇంటిదే, చాపలు పరిచే పని లేదు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. పిల్లలు పాడే కార్యక్రమాలు ఒక్కటీ వదలదు. ఎవరెంత బాగా పాడినా చివర్న ఒకటే మాట. "చానా బాగా పాడింది గానీ, అప్పుడు నీతో వచ్చిందే ఢిల్లీ పిల్ల, ఆ పిల్లలా కాదు."

పోయిన వారం కూడా అదే అంది. అని, ఉన్నట్టుండి టీవీ కట్టేసి, "అది ఎట్టా ఉంటదే? ఒక్కసారి అను, మర్చిపోతన్నా" అంది.

ఎన్నేళ్ళకో ఆ రాగం తీశాను. కింది మెట్లు వచ్చాయి. పైకి పోవాల్సిన చోట గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా అమ్మ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"బానే అన్నావు" అంది నన్ను నొప్పించకుండా. "కాకపోతే ఆ పిల్ల గొంతు వేరులే."

"అవునమ్మా, వేరు" అన్నాను.