కింద వదిలిన జానెడు

నా చిన్నప్పుడు శంషాబాద్‌లో, పాత సామాన్ల కొట్టులో ఒక తుప్పు రేకును వాళ్లు అడిగిన ధరలో సగానికి కొన్నాను. తొమ్మిదేళ్ల పిల్లకు అది చిన్న విజయం కాదు. ఆ రేకు ఎందుకూ పనికిరాలేదన్న సంగతి పక్కన పెడితే, అంత మంచి బేరం నేను మళ్లీ చేయలేదు.

మాది కిరాణా కుటుంబం. ముందు దుకాణం, వెనక ఇల్లు. పక్క సందులోంచి వాకిట్లోకి రావడానికి ఒక ఊచల గేటు ఉండేది. అదే వాకిట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని పక్కింటి అక్క వాళ్లు ఉండేవారు. ఆదివారం చర్చిలో పాట అందుకునేది ఆ అక్కే. ఆ ఏడు టైఫాయిడ్ వచ్చి, జ్వరం దిగాక ఆమె జుట్టంతా ఊడిపోయింది. బలం రావాలంటే రోజూ పొద్దున కాసేపు ఎండలో కూర్చోమని దవాఖానలో చెప్పారు. కూర్చున్న మొదటి రోజే బడిపిల్లలు గేటు ఊచలు పట్టుకుని "గుండక్కా!" అని అరిచారు. అంతే, ఆమె గదిలో చేరి తలుపేసుకుంది. లోపలికి పోయిన అన్నం పళ్లెం అలాగే తిరిగి వచ్చేది. వాళ్లమ్మ మా నానమ్మ దగ్గర కూర్చుని ఏడ్చేది.

మా తాతయ్య నన్ను పిలిచాడు. నా చేతిలో డబ్బు పెట్టి, "గేటుకు అడ్డం కట్టేదేమన్న చూసి పట్టుకరాపో బిడ్డా. జర తక్కువల రావాలె" అన్నాడు. నేను తెచ్చింది ఆ రేకే.

గేటు నిండా, పైనుంచి కిందిదాకా, వెలుతురు కూడా దూరకుండా బిగించాం. మర్నాడు అక్క తలకు చెంగు కప్పుకుని వచ్చి నిమ్మచెట్టు పక్కన కూర్చుంది. నేను దుకాణంలోకి పరుగెత్తి, వచ్చిన ప్రతి గిరాకీకీ నా బేరం సంగతి చెప్పాను.

ఆ సంబరం ఒక పూటే. పాలాయన వచ్చి రేకు మీద దబదబ బాదేసరికి అక్క ఉలిక్కిపడి లోపలికి ఉరికింది. వచ్చింది ఎవరో తీసేదాకా తెలియదు, తీయాలంటే భయం. పైగా ఎన్నడూ ఇటు చూడనివాళ్లు కూడా "లోపట ఏం దాసిండ్రే?" అని ఆగసాగారు. పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి తొంగిచూశారు. రేకు బరువుకు తోడు వాళ్లూ మీద వాలేసరికి పాత గేటు కుంగి నేలను గీకింది. అక్క తలుపు మళ్లీ మూసుకుంది.

ఆ మధ్యాహ్నం తాతయ్య నన్ను మా దుకాణం పక్కనున్న చాయ్ హోటల్ ముందుకు తీసుకుపోయాడు. రంజాన్ నెల. రోజా ఉన్నవాళ్ల కంటపడకుండా, లేనివాళ్లు లోపల చాయ్ తాగేందుకు వీలుగా పరదా కట్టారు. అది మోకాళ్ల దాకానే దిగింది.

"లోపట ఎవరున్నరో చెప్పు" అన్నాడు తాతయ్య.

వంగి చూశాను. "గా కుట్లేసిన చెప్పు మన పాలాయనది."

"ఓ పట్టాల పిల్లా, నా చెప్పుతోని నీకేం పనే?" అని పరదా వెనక నుంచి పాలాయన గొంతు. హోటలంతా నవ్వింది. నా కాళ్లకు వెండి పట్టాలు, అదే పట్టీలు, ఉండేవి.

"ఇన్నవా? ఆయన మొకం మనకు కనవడ్తలేదు. నువ్వొచ్చినవని ఆయనకెర్కనే. గందుకే నిమ్మళంగ తాగుతున్నడు" అన్నాడు తాతయ్య.

రేకు విప్పేశారు. నానమ్మ బియ్యం గోనెలను ఉతికి, చీల్చి, కలిపి కుట్టింది. దాన్ని గేటుకు కట్టి, కింద జానెడు ఖాళీ వదిలారు. అక్క రెండు రోజులు కిటికీలోంచే చూసింది. మూడో రోజు పీట తెచ్చుకుని బయట కూర్చుంది. కుట్లేసిన చెప్పు కనపడగానే, "అమ్మా, పాలాయనొచ్చిండు" అని చెప్పి కదలకుండా ఉండిపోయింది. కాసేపటికి గేటు కింద బడిపిల్లల కాళ్లు గుంపుగా ఆగాయి.

"ఏందిరా, బడికి పోరా? ఒక్కడి కాలికే చెప్పున్నది, ఎవనిది కొట్టుకొచ్చినవ్‌రా?" అంది అక్క.

పిల్లలు ఒక్క ఉరుకు ఉరికారు. వాళ్లు ఆమెను చూడటానికి వచ్చారు. ఆమే వాళ్లను చూస్తుందని అనుకోలేదు. చాలా రోజుల తర్వాత అక్క నవ్వు విన్నాను. జుట్టు చెవులదాకా పెరిగేసరికి ఆమె చర్చిలో పాట కూడా అందుకుంది.

ఆ ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. గేటును మాత్రం విప్పించి నా ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు దాని ముందు ఎయిర్‌పోర్టు క్యాబులు ఆగుతాయి, డ్రైవర్లకు మా వాకిలి తప్ప చూడటానికి ఏమీ ఉండదు. ఫైబర్ షీటు వేసి మొత్తం మూసేద్దామంది మా అమ్మాయి. నేను పచ్చ షేడ్‌నెట్ కట్టించి, కింద జానెడు వదిలాను. నిన్న ఒక జత బూట్లు గేటు దగ్గర అటూ ఇటూ తచ్చాడుతుంటే, "నీళ్లు కావాల్నా బిడ్డా?" అన్నాను. "అవునమ్మా, ఎట్ల తెల్సింది?" అని సీసా చేతికిచ్చాడు.

ఇగ లెక్క. షేడ్‌నెట్‌కు మా వీధి దుకాణంలో నాలుగువందల యాభై అన్నారు. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కదా అని మైలార్‌దేవ్‌పల్లి దాకా పోయి, గంటసేపు బేరమాడి, మూడువందల ఇరవైకి తెచ్చాను. నూట ముప్పై మిగిలింది. ఆ చుట్టతో బస్సెక్కలేక ఆటోకు నూట యాభై పెట్టాను. కట్టుతీగ నలభై. మొత్తం ఐదువందల పది, అందులో నా తెలివి ఖరీదు ఇరవై. కింద వదిలిన జానెడుకు మాత్రం పైసా కాలేదు.